కోళ్ళు పొర్లిన చోటు

ఆ పిల్ల మొదటిసారి మా వీధికి వచ్చినప్పుడు గుడ్లు అమ్ముకునే మనిషి అనుకున్నారు అందరూ. చేతిలో ఖాళీ గుడ్ల అట్టలు, భుజాన సంచి. తీరా చూస్తే అమ్మడానికి కాదు, అడగడానికి వచ్చింది.

"మీ కోళ్ళు పెట్టిన గుడ్లు కావాలి పిన్నిగారూ. పరీక్ష చేయడానికి," అంది మా ఆవిడతో.

"గుడ్డుకి పరీక్షేంటమ్మా? కుళ్ళిందో లేదో నీళ్ళలో వేస్తే తెలిసిపోతుంది."

ఆ పిల్ల నవ్వి వీధి చివరికి చెయ్యి చూపించింది. అక్కడ చెత్త కొలిమి ఉంది. ఊరంతా పారేసిన చెత్త లారీల్లో వచ్చి అందులో పడుతుంది, ఆగకుండా కాలుతుంది. దాని పొగగొట్టం మా ఇంట్లో ఏ కిటికీ తెరిచినా కనిపిస్తుంది. మా వీధి పిల్లల్ని బొమ్మ గీయమంటే ఇల్లు, సూర్యుడు, పొగగొట్టం గీస్తారు.

చెత్త కాలేటప్పుడు డయాక్సిన్లనే విషాలు పుడతాయని, పొగతోపాటు పైకి పోయి ఎక్కడో నేల మీద వాలతాయని ఆ పిల్ల చెప్పింది. కంటికి కనబడవు, వాసన ఉండదు. గాలిలో వెతికి పట్టుకోవడం కష్టమట. అందుకని కోడిని అడుగుతారట. కోడి పొద్దస్తమానం నేల గీకుతుంది. పురుగుతోపాటు మట్టీ మింగుతుంది. మట్టిలో ఉన్నది దాని కొవ్వులో చేరుతుంది, అక్కడి నుంచి పచ్చసొనలోకి దిగుతుంది.

"ఎంత ఉంటుంది?" అని అడిగాను.

మా ఆవిడ గిరుక్కున తిరిగి చూసింది. "అమ్మో, ఈయన మాట్లాడాడు! గొడుగు తెచ్చుకున్నావా తల్లీ? వాన పడుతుందివాళ."

ఆ పిల్ల మాత్రం నా ప్రశ్నని పక్కన పెట్టలేదు. "ఊరికి నీళ్ళొచ్చే జలాశయం ఉంది కదా మేస్త్రీగారూ. గట్టు మీద నిలబడి ఎవరో చిటికెడు ఉప్పు వేసి వెళ్ళిపోయారనుకోండి. తర్వాత మనం వెళ్ళి, నీళ్ళు ముంచి చూసి, ఇందులో ఉప్పు వేశారని చెప్పాలి. అంత ఉంటుంది."

నా బతుకంతా తాపీ పనిలో గడిచింది. ఇసుక గంపల్లో, సిమెంటు బస్తాల్లో. గంప అటూ ఇటూ అయినా గోడ నిలబడుతుంది. చిటికెడు ఉప్పు కోసం జలాశయాన్ని వెతికే పని ఒకటి లోకంలో ఉందని ఆ రోజే విన్నాను. పిట్టగోడ మీద అలాగే కూర్చుండిపోయాను.

అప్పుడే మా అమ్మాయి పసిదాన్ని ఎత్తుకుని బయటికి వచ్చింది. అమ్మాయి, అల్లుడు మాతోనే ఉంటారు. కడుపుతో ఉన్నప్పటి నుంచీ మా ఆవిడ దానికి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి మా కోళ్ళ గుడ్లే ఉడకబెట్టి పెడుతోంది. బిడ్డ పుట్టాక పాలు పడాలని ఇంకా గట్టిగా పెడుతోంది.

"రోజూ తింటున్నానండీ," అంది అమ్మాయి. "ఇది నా పాలే తాగుతోంది. అది పాలలోకి కూడా దిగుతుందా?"

ఆ పిల్ల పసిదాని పాదం పట్టుకుని కాస్త ఊపింది. "పాలలోనూ కొవ్వు ఉంటుంది అక్కా. ముందు గుడ్ల సంగతి చూద్దాం. ఊరికే భయపడొద్దు."

భయపడొద్దని చెప్పిన మాటతోనే భయం ఇంట్లోకి వచ్చి కూర్చుంది.

మర్నాడు కోళ్ళున్న ప్రతి ఇంటి నుంచీ ఒక్కో అట్ట గుడ్లు ఆ పిల్లకి అందాయి. వీధిలో ఆమెకి గుడ్ల మేడం అని పేరు కూడా పడిపోయింది. కొన్నాళ్ళకి తిరిగి వచ్చి, పక్కింటి టైలరమ్మ వసారాలో ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టింది. నేను గోడకి ఇవతల నిలబడి విన్నాను.

"గుడ్లలో ఏమీ లేదు," అంది.

"హమ్మయ్య!" అని మా అమ్మాయి గట్టిగా ఊపిరి వదిలింది.

"ఆగక్కా. ఏమీ లేదు, అదే నాకు అర్థం కావడం లేదు. ఈ గుడ్లు పెట్టిన కోళ్ళు పుట్టి బుద్ధెరిగాక మట్టి తొక్కలేదు. గడ్డి ముట్టలేదు. ఒక్క పురుగు తినలేదు. అన్నీ ఒకే దాణా తిన్నాయి. మీ వీధి కోళ్ళన్నీ ఒకే కంచంలో తింటాయా అండీ?"

మిషను మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్న టైలరమ్మ ఉన్నట్టుండి పకపకా నవ్వడం మొదలుపెట్టింది.

"నావి కొట్లో కొన్నవి తల్లీ! మా పెట్ట గుడ్డు ఇంతే ఉంటుంది, నిమ్మకాయంత. పైగా రెట్ట అంటుకుని ఉంటుంది. చదువుకున్న పిల్ల చేతిలో అది పెట్టాలంటే సిగ్గేసింది."

"నువ్వు కూడానా?" అంది ఎదురింటావిడ.

"కూడానా అంటే?"

"నేనూ కొట్లోవే ఇచ్చాను మరి."

మా ఆవిడ వంక చూశారు అందరూ. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేను ఇంకాస్త పెద్దవి ఏరి మరీ కొన్నాను. ఇచ్చేదేదో పరువుగా ఇద్దామని."

ఆ వసారా ఎగిరిపోయేలా నవ్వారు. గుడ్ల మేడం కళ్ళు తుడుచుకుంటూ, "మీ పరువుకి మా మిషను దణ్ణం పెట్టింది పిన్నిగారూ," అంది.

నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎక్కడో ఇనప గూట్లో నిలబడి, కిందికి దిగకుండా, ఎండ ఎరగకుండా బతికే ఒక కోడి ఉంది. దాని గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు. మా వాళ్ళయితే అబద్ధం చెప్పారు. అయినా ఆ కోడి బతుకంతా పచ్చసొనలో కదలకుండా కూర్చుని ఉంది, అడిగినవాళ్ళకి చెప్పేసింది. అన్నేళ్ళుగా గుడ్లు తింటున్నాను, ఒక్కసారైనా దానికేసి సరిగ్గా చూసి ఎరగను.

ఆ రోజు గుడ్ల మేడం తనే వంగి, ఇంటింటి గూట్లో చెయ్యి పెట్టి, రెట్టతో సహా గుడ్లు తీసుకుని వెళ్ళింది.

ఈసారి వచ్చినప్పుడు టైలరమ్మ ఇంటికి పోలేదు. తిన్నగా మా ఇంటికి వచ్చింది. ముఖంలో నవ్వు లేదు. అల్లుడు ఆ పూట ఇంట్లోనే ఉన్నాడు. అతను ఆ కొలిమిలోనే క్రేను నడుపుతాడు. గోతిలో పడ్డ చెత్తని ఇనప పంజాతో ఎత్తి మంటలోకి వదలడం అతని పని.

"మీ కోళ్ళ గుడ్లు ఇక తినొద్దండీ," అంది ఆమె. "అక్కకి అసలు పెట్టొద్దు."

అమ్మాయి పసిదాన్ని గుండెకి హత్తుకుంది. అల్లుడు లేచి నిలబడ్డాడు.

"మా పొగగొట్టానికి మిషన్లు ఉన్నాయండీ. పొగ ఎంత వస్తోందో, అందులో ఏముందో గంట గంటకీ చూస్తారు. ఫిల్టర్లు కొత్తవి వేశారు. ఇదెక్కడి గొడవ?" అని నా వైపు తిరిగాడు. "మీ కోళ్ళు నా కడుపు కొట్టేలా ఉన్నాయి మావయ్యా."

"నేనూ అదే అనుకుంటున్నానండీ," అంది ఆమె నెమ్మదిగా. "పొగ వల్లే అయితే టైలరమ్మగారి గుడ్లలోనూ ఉండాలి. వాళ్ళ ఇల్లు కొలిమికి ఇంకా దగ్గర. వాళ్ళ గుడ్లలో కొంచెమే ఉంది. వీధిలో అందరివీ అంతే. గోడకి అటు లేనిది ఇటు ఉంది. పొగ గోడ చూసి ఆగదు కదా."

పెరట్లోకి వెళ్ళాం. నేల, నీళ్ళ తొట్టి, దాణా, గూటి కర్రలకి వేసిన రంగు, ఒకటొకటిగా చూసింది. అంతలో మా నల్లపెట్ట గబగబా నడుచుకుంటూ మూలకి పోయింది. అక్కడ బూడిద గుంట ఉంది. అందులో కూలబడి, ఒక పక్కకి ఒరిగి, రెక్కలతో బూడిద ఎత్తి పోసుకుంటూ పొర్లడం మొదలుపెట్టింది. బూడిద పొగలా లేచింది. పెట్ట కళ్ళు మూసుకుని హాయిగా మెడ చాచింది.

గుడ్ల మేడం ముచ్చటపడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది.

"ఆ బూడిద ఎక్కడిది?"

"మా అల్లుడు తెచ్చాడు," అంది మా ఆవిడ గొప్పగా. "కోడిపేలతో చచ్చిపోతున్నాయమ్మా, పొయ్యిలో బూడిద ఎక్కడుంది ఈ రోజుల్లో, అందరివీ గ్యాసు పొయ్యిలే అన్నాను. అంతే, మర్నాడే బస్తా మోసుకొచ్చాడు. ఎంత మెత్తగా ఉంటుందనుకున్నావు? దాని ముందు పిండి ఎందుకూ పనికిరాదు. ఒక్క పేను మిగల్లేదు."

"అత్తయ్యా," అన్నాడు అల్లుడు.

"కొలిమిలోదా?" అని అడిగింది గుడ్ల మేడం.

"ఫిల్టర్ల కింద రాలేది. సంచులు గేటు పక్కనే పడి ఉంటాయి. సూపర్‌వైజరే తీసుకెళ్ళమన్నాడు. చాలామంది పట్టుకెళ్తారండీ, దారి మీద చల్లుకోవడానికీ, మొక్కలకీ." ఆగాడు. "బూడిదే కదా అని..."

ఆమె సంచిలోంచి గ్లౌజులు, ముఖానికి కట్టుకునే గుడ్డ తీసింది. మమ్మల్ని వెనక్కి జరగమంది. "ఫిల్టర్ పొగలోంచి పట్టుకున్నదంతా ఆ బూడిదలోనే ఉంటుందండీ. పొగ ఎంత తేటగా బయటికి వస్తే ఇది అంత చెడ్డది."

వీధి వీధంతా ఇన్నేళ్ళూ తలెత్తి పొగగొట్టం వంకే చూస్తూ కూర్చున్నాం. విషం మాత్రం వీధి గుమ్మంలోంచి, అల్లుడి భుజం మీద, అత్తగారి మీద గౌరవంతో నడిచి వచ్చింది.

ఆ పూటే అమ్మాయి బిడ్డని రొమ్ముకి దూరం పెట్టింది.

"డాక్టర్ని అడగకుండా మానేయకక్కా," అని గుడ్ల మేడం చెప్పింది. మా ఆవిడ చెప్పింది. అమ్మాయి వినలేదు. "తెలియనప్పుడు పట్టాను. తెలిశాక ఎలా పట్టను?" అంది.

డబ్బా పాలు కలిపి సీసాతో పడితే పసిది నోరు బిగించింది. తల అటూ ఇటూ తిప్పి, తల్లి వాసన తగిలిన వైపే వెతుక్కుంది. గదిలో పసిది ఏడుపు, వంటింట్లో అమ్మాయి ఏడుపు. పాలు గడ్డకట్టి ఒళ్ళు కాలిపోతుంటే అమ్మాయి గిన్నెలోకి పిండి తూములో పోసేది. ఆ తెల్లని ధార నీళ్ళలో కలిసిపోవడం చూసి మా ఆవిడ గోడవైపు తిరిగి నిలబడేది.

అల్లుడు ఇంట్లో ఏ గదిలోకీ పూర్తిగా వచ్చేవాడు కాదు. గుమ్మాల దగ్గరే ఆగిపోయేవాడు. కొలిమికి వెళ్ళి బూడిద మోసుకెళ్ళినవాళ్ళందరికీ పేరుపేరునా చెప్పాడట. సూపర్‌వైజర్ అరిచాడట. అయినా గేటు పక్కన సంచులు లేకుండా చేసే దాకా వదల్లేదట. ఇదంతా నాకు చెప్పాడు, అమ్మాయికి చెప్పలేదు. "దానికి మీరు చెప్పండి మావయ్యా," అన్నాడు. నాకు చెప్పాలంటే మాటలు ఎక్కడొస్తాయి? చెప్పలేదు.

పాలు కూడా పరీక్ష చేస్తామని గుడ్ల మేడం కబురు చేసింది. అమ్మాయి గాజుసీసాలో పాలు పట్టి, మూత బిగించి, ఐసు పెట్టెలో పెట్టి నాకిచ్చింది.

"నువ్వే తీసుకెళ్ళు నాన్నా. ఎవరి చేతికీ ఇవ్వకు. ఆ అమ్మాయి చేతికే."

బస్సులో ఆ పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పక్క సీటాయన చేపలా అని అడిగాడు. తల అడ్డంగా ఊపాను. మళ్ళీ అడగలేదు.

ల్యాబ్ అంటే ఏదో పెద్ద యంత్రాల మోత ఉంటుందనుకున్నాను. అక్కడ నిశ్శబ్దం. తెల్లకోటు వేసుకున్న గుడ్ల మేడం సీసా అందుకుని, రెండు చేతులతో పట్టుకుని లోపల చల్లటి అరలో పెట్టింది. తర్వాత నన్ను పిలిచి చూపించింది.

మా పచ్చసొన అక్కడ పొడి అయిపోయి ఉంది. దాంట్లోంచి కొవ్వు తీస్తారు. ఆ కొవ్వుని ఏవో ద్రవాలలో కలిపి, తెల్లటి పొడి కూరిన గాజు గొట్టాల్లోంచి బొట్టు బొట్టుగా దింపుతారు. ఒక గొట్టంలో కొవ్వు ఆగిపోతుంది. ఇంకో గొట్టంలో రంగు ఆగిపోతుంది. గుడ్డులో గుడ్డు అనదగిందంతా దారిలో రాలిపోతుంది. చివరికి వేలంత గాజు బుడ్డిలో అడుగున ఒక్క చుక్క మిగులుతుంది. వంచి వెలుతురుకి పెడితే గానీ కనపడదు.

"ఇందులో ఉందా?" అన్నాను.

"ఇందులోనే ఉంది."

చూశాను. మంచినీళ్ళలా ఉంది.

ఆ చుక్క మిషనులోకి పోతే తెర మీద గీత బయల్దేరుతుంది. తిన్నగా పోతూ పోతూ ఒక చోట లేచి గుట్టలా నిలబడి దిగుతుంది. మళ్ళీ కొంత నేల, మళ్ళీ గుట్ట. ఒక్కో గుట్ట ఒక్కో రకం విషమట. ఆమె రెండు కాగితాలు తెచ్చి బల్ల మీద ఒకదాని కింద ఒకటి పెట్టింది.

"పైది మీ బూడిద. కిందిది మీ నల్లపెట్ట గుడ్డు."

పై కాగితం మీద వేలు పెట్టి గుట్ట వెంట గుట్ట నడిచాను. పొట్టిది, దాని పక్కన ఇంకా పొట్టిది, తర్వాత ఒక్కసారిగా కొండ. కింది కాగితం మీద కూడా అంతే. కొన్ని గుట్టలు కోడి కడుపులో అరిగి కాస్త కుంగాయి, వరస మాత్రం అదే. ఆ విషం మంటలో పుట్టి, ఫిల్టర్లో ఆగి, బస్తాలోకి ఎక్కి, ఈకల్లో దూరి, ముక్కున పడి, రక్తంలో తిరిగి, పెంకు లోపల దాక్కుంది. ఇంత దూరం వచ్చినా దాని నడక మారలేదు, ఇక్కడ పోల్చుకున్నారు. మళ్ళీ మొదటి గుట్ట నుంచి వేలు పెట్టి నడిచాను.

"పాలలో కూడా ఇలాగే కనపడుతుందా అమ్మా?"

"ఉంటే కనపడుతుంది మేస్త్రీగారూ. మిగతావన్నీ పక్కన పెట్టి దాన్నే ముందు చూస్తాను."

తర్వాత ఆమె మనుషులు డ్రమ్ములు తీసుకుని మా పెరట్లోకి వచ్చారు. ముఖాలకి గుడ్డలు కట్టుకుని, బూడిద లేవకుండా నీళ్ళు చల్లి, ఆ మూలంతా మోకాలి లోతు తవ్వడం మొదలుపెట్టాం. అల్లుడు పలుగు నా చేతిలోంచి లాక్కుని తనే తవ్వాడు. కోళ్ళని చంపాలేమో అనుకున్నాం. వద్దంది ఆమె. కొత్త మట్టి పోసి ఉంచితే గుడ్డు గుడ్డుకీ విషం ఎలా తగ్గుతుందో చూడాలట. "ఇన్నాళ్ళూ మన మీద సాక్ష్యం చెప్పాయి కదా, మన తరఫున కూడా చెప్పనివ్వండి," అంది. పెట్టిన గుడ్లన్నీ ల్యాబ్‌కే పోతాయి.

పాల ఫలితం చెప్పడానికి ఆమె ఫోను చేయలేదు. మనిషే వచ్చింది. మధ్యాహ్నం. సీసా పాలు సగం తాగి సగం కక్కి పసిది అమ్మాయి భుజం మీద మూలుగుతోంది. మా ఆవిడ కుర్చీ వేసింది. ఆమె కుర్చీలో కాక, మంచం మీద అమ్మాయి పక్కన కూర్చుంది.

"ఉంది అక్కా," అంది.

అమ్మాయి కళ్ళు మూసుకుంది.

"మొత్తం విను. అసలు లేని పాలు నేను ఇంతవరకు చూడలేదు. కొలిమి ముఖం ఎరగని తల్లుల పాలలోనూ ఉంది. మంచు తప్ప ఇంకేమీ లేని చోట బతికేవాళ్ళ పాలలోనూ ఉంది. ఎక్కడెక్కడో కాలినవన్నీ కలిసి కొంచెం కొంచెం అందరిలోకీ వచ్చాయి. నీ పాలలో దానికన్నా కాస్త ఎక్కువ. కాస్తే. అల్లుడుగారు బస్తా తెచ్చి ఎన్నాళ్ళో కాలేదు, అది మంచిదయింది. ఇంకో ఏడాది తిని ఉంటే నేను ఇలా మాట్లాడేదాన్ని కాదు."

"అయితే?"

"నేను డాక్టర్ని కాదు. డాక్టర్నడిగే వచ్చాను, ఒకరిని కాదు, ఇద్దరిని. ఇద్దరూ ఒకే మాట చెప్పారు. గుడ్లు మానేయాలి, పాలు మానకూడదు. ఆ పాలతో దీనికి వచ్చే బలం ముందు ఆ విషం చిన్నది. పట్టు."

"నాలో ఉన్నది దీనికి పోతుంది కదా."

"పోతుంది," అంది ఆమె. దాచలేదు. "కొంచెం. మిగతాది కూడా పోతుంది, నువ్వు ఇవ్వాల్సిందంతా."

అమ్మాయి పసిదాని ముఖంలోకి చాలాసేపు చూసింది. మంచు తప్ప ఏమీ లేని చోట, ఎవరో ఒక తల్లి, తన దగ్గర ఏ మంటా లేకుండానే ఇలాగే బిడ్డ ముఖంలోకి చూస్తూ ఉంటుంది కాబోలు అనిపించింది నాకు. మా వీధి చివరి పొగ కూడా ఒక వెంట్రుకవాసి అక్కడికి చేరి ఉంటుంది. ఇంత పెద్ద లోకంలో ఎవరూ ఎవరికీ దూరం లేరు.

పసిది భుజం మీంచి తల దింపి వెతుక్కోవడం మొదలుపెట్టింది. అమ్మాయి పైట సర్దుకుని దాన్ని ఒళ్ళోకి తీసుకుంది. పసిది రొమ్ము అందుకోవడం మరిచిపోయిందేమో అని మా ఆవిడ మెడ చాచి చూసింది. మరిచిపోలేదు. ఒక్కసారి ఉక్కిరిబిక్కిరై, దగ్గి, మళ్ళీ పట్టుకుంది. గదిలో గుటకల చప్పుడు తప్ప ఇంకేం లేదు.

అల్లుడు గుమ్మం దగ్గరే ఉన్నాడు, ఒక కాలు లోపల, ఒక కాలు బయట. అమ్మాయి తల తిప్పకుండానే అంది:

"అక్కడ స్తంభంలా నిలబడ్డావేంటి? చెయ్యి లాగేస్తోంది, ఆ తలగడ ఇటు అందుకో."

అతను లోపలికి వచ్చి, తలగడ తీసి, అమ్మాయి మోచేతి కింద పెట్టాడు. పెట్టిన చెయ్యి అక్కడి నుంచి తీయలేదు.